మూడవ సాలార్ జంగు: యుద్ధమెరుగని యుద్ధనాయకుడు

హైదరాబాదు నగరమున మూసీనది దక్షిణపు గట్టున సాలార్ జంగు మ్యూజియమను సుప్రసిద్ధమైన వస్తుప్రదర్శనశాల కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట నేను మన పాఠశాల పైతరగతుల బాలురను వెంటబెట్టుకొని ఓరుగల్లునుండి రైలుబండిలో అచ్చటికి పోయితిని. పాలరాతి బొమ్మలను, పింగాణి పాత్రలను బాలురు నిలువక చూచుచు పోయిరి గాని, ఆయుధములుంచిన శాలలో అడుగిడినంతనే వారి కాళ్లు నిలిచిపోయినవి. ఖడ్గములు, బాకులు, గండ్రగొడ్డళ్లు, డాళ్లు, శిరస్త్రాణములు, ఇనుప కడియముల యల్లికతో చేసిన కవచములు, పొడవైన తుపాకులు అచ్చట వరుసలు తీరియున్నవి. అప్పుడొక బాలుడు, ఈ కత్తులతో నవాబుగారు ఏ యుద్ధములో గెలిచిరని నన్నడిగెను. ఏ యుద్ధములోను గెలువలేదనియు, ఆయన యుద్ధము చేసినవాడే కాడనియు నేను చెప్పితిని. బాలుని ముఖము చిన్నబోయెను. ఆనాడు వానికి సగమే చెప్పగలిగిన సమాధానమును ఇప్పుడు విద్యార్థులందరికొరకు పూర్తిగా వ్రాయుచున్నాను.

సాలార్ జంగు అనునది మనుష్యుని పేరు కాదు, బిరుదము. యుద్ధమున సేనలను నడపువాడని దాని యర్థము. ఆ బిరుదమును ఒకే వంశమున ముగ్గురు ధరించిరి. మూడవవాని నిజనామధేయము మీర్ యూసుఫ్ అలీ ఖాను. ఆయన 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనా నగరమున జన్మించెను. ఆయన పూర్వులు అనేక తరములుగా నిజాము రాజ్యమున దివానులై యుండిరి. వారిలో మీర్ ఆలము 1799లో టిప్పు సుల్తానుపై జరిగిన యుద్ధమునకు నిజాము సైన్యముతో శ్రీరంగపట్టణము వెళ్లినవాడు; హైదరాబాదులోని మీర్ ఆలం చెరువు నేటికిని ఆతని పేరు చెప్పుచున్నది. పితామహుడగు మొదటి సాలార్ జంగు, మీర్ తురాబ్ అలీ ఖాను, 1853లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున దివానుగిరి స్వీకరించి 1883లో మరణించువరకు ముప్పది యేండ్లు ఆ భారమును మోసెను. అప్పులలో మునిగియున్న రాజ్యమును ఒడ్డునకు చేర్చిన ఘనత ఆతనిది. 1865లో జిల్లాబందీ యను ఏర్పాటుచే రాజ్యమును జిల్లాలుగా విభజించినవాడును ఆతడే. తండ్రియగు రెండవ సాలార్ జంగు, మీర్ లాయక్ అలీ ఖాను, 1884లో ప్రధానియై మూడేండ్లలోనే పదవిని విడిచెను. 1889 జూలై 7వ తేదీన ఇరువదియారేండ్లకే కన్ను మూసెను. అప్పటికి కుమారునికి నెల దినములైనను నిండలేదు.

ఇట్లు తండ్రి ముఖమెరుగని శిశువు గొప్ప బిరుదమునకును, విశాలమైన జాగీరుకును, దివాన్ దేవిడి యను మహాభవనమునకును వారసుడయ్యెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ఆ బాలుని సంరక్షణభారమును వహించెను. బాలుడు హైదరాబాదులోనే చదువుకొని పెరిగెను. ఆ యింటిలో తాతయు తండ్రియు సేకరించిన వింత వస్తువులు ముందే చాలనుండెను. మేలిముసుగు ధరించిన రెబ్కా యను పాలరాతి విగ్రహమును మొదటి సాలార్ జంగు 1876లో రోమునగరమున సంపాదించెను. బెంజోని యను ఇటలీ శిల్పి చెక్కిన ఆ విగ్రహమున రాతి ముసుగు చాటున రాతి ముఖము కనబడుచుండును. కనుక వస్తువులపై ప్రీతి యూసుఫ్ అలీ ఖానునకు వంశక్రమమున వచ్చినదే. దానిని ఆయన ఒక జీవితకాలపు పనిగా మార్చెను.

1911లో ఆరవ నిజాము మరణించి మీర్ ఉస్మాన్ అలీ ఖాను సింహాసనమెక్కెను. మరుసటి యేట, అనగా 1912లో, మహారాజా కిషన్ పర్షాదు తరువాత యూసుఫ్ అలీ ఖాను ప్రధానమంత్రిగా నియమింపబడెను. అప్పటికాయన వయస్సు ఇరువదిమూడు. తాత ముప్పది యేండ్లు, తండ్రి మూడేండ్లు నిలిచిన ఆ పదవిలో ఆయన రెండేండ్లకు పైచిలుకు మాత్రమే యుండెను. 1914 సంవత్సరాంతమున పదవిని విడిచి ఇంటికి వచ్చెను. పిమ్మట ప్రధానమంత్రిని నియమింపక నిజాము తానే కొన్నేండ్లు పరిపాలనము సాగించెను. ఇరువదియైదేండ్ల ప్రాయమున ఈ నవాబు తన వంశపు వృత్తినుండి తొలగిపోయెను. మరల దానికి పోలేదు.

ఆ సంవత్సరమే ఐరోపా ఖండమున మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. హైదరాబాదు రాజ్యపు ఆశ్వికదళము బల్లెములు ధరించి ఈజిప్టు దేశమునకు సముద్రముమీద పోయెను. కాని ఆ యుద్ధమున మరతుపాకుల యెదుట ఖడ్గమును బల్లెమును ఎంతవరకు నిలువగలవో లోకమునకు తేటతెల్లమాయెను. వేలయేండ్లు రాజ్యములను నిలిపి కూల్చిన కత్తి ఆ కాలమున సేనలనుండి తొలగి అలంకారమగుచుండెను. సేనానాయకుడను బిరుదముగల నవాబు పదవి విడిచి వస్తుసేకరణకు పూనుకొన్నదియు సరిగా ఆ కాలముననే.

అటుపిమ్మట ముప్పదియైదేండ్లు ఆయన చేసిన పని యొక్కటే: చూచుట, ఎన్నుట, కొనుట. వివాహమాడలేదు. ఆయన అభిరుచి లోకమునకు తెలిసినకొలది వర్తకులు నలుదిక్కులనుండి దివాన్ దేవిడికి రాసాగిరి. పరదేశములందు ఆయన ప్రతినిధులుండి వర్తకుల జాబితాలను పంపుచుండిరి. ఆయన స్వయముగ ఐరోపాకును మధ్యప్రాచ్యదేశములకును పోయి కొన్నవియు అనేకములు. గడియారములు, గాజుసామానులు, తైలవర్ణచిత్రములు, దంతపు పనులు, తివాచీలు, వ్రాతప్రతులు, చివరకు పిల్లల ఆటబొమ్మలు సైతము ఆ భవనమును నింపెను. కవులను, పండితులను ఆయన ఆదరించెను. వస్తువులు 40,000కు మించిపోయినవి, గ్రంథములు వేరు. ఆయన కడపటి కొనుగోళ్లలో కొన్ని దంతపు కుర్చీలు కలవు. ఫ్రాన్సు రాజగు పదునారవ లూయీ వానిని టిప్పు సుల్తానునకు కానుకగా పంపెనని చెప్పుదురు.

ఆయన సంగ్రహమున ఆయుధముల స్థానమెట్టిదో చూతము. జహంగీరు చక్రవర్తి బాకు, నూర్జహాను పండ్లు కోయు చాకు, షాజహాను విల్లెక్కుపెట్టునపుడు బొటనవ్రేలికి ధరించు పచ్చరాతి యుంగరము అందు ప్రసిద్ధములు. ఇవి రాజుల చేతి వస్తువులు. కాని సామాన్యులగు సైనికుల కత్తులను చూచునపుడే మన దేశమునకును ఐరోపాకును గల పాత సంబంధము బోధపడును. ఫిరంగి యను మాట మనకు క్రొత్తది కాదు. ఫ్రాంకులను జాతిపేరునుండి పుట్టి, పారసీకముద్వారా ఇచ్చటికి వచ్చి, ఐరోపావారిని పరంగులనుటకును, వారితో వచ్చిన పెద్దతుపాకిని ఫిరంగి యనుటకును ఆ మాట మన భాషలో నిలిచెను. దక్కను ఖడ్గములలోనొక జాతికిని ఫిరంగి యనియే పేరు.

1510లో పోర్చుగీసులు గోవాను పట్టుకొన్న తరువాత ఐరోపా కత్తుల అలుగులు ఓడలలో మన తీరమునకు విరివిగా రాజొచ్చెను. జర్మనీ, ఇటలీ, స్పెయిను దేశముల కమ్మరులు చేసిన ఆ అలుగులకు మన దేశపు కమ్మరులు మన పద్ధతి పిడులను అమర్చిరి. అట్టి ఖడ్గము ఫిరంగి. దాని అలుగు తిన్నగా, సన్నగా నుండును; పొడవున రెండో మూడో గాళ్లు తీసియుండును. గాడి రక్తము కారుటకని కొందరు చెప్పుదురు గాని అది నిజము కాదు. బలము తగ్గకుండ బరువు తగ్గించుటకే గాడి. పిడి మాత్రము మన ఖండాకత్తి పిడివలె చేతిని కప్పునట్టి బుట్టతో నుండి, వెనుక రెండవ చేతికి పట్టుగా పొడుచుకొని వచ్చిన ముల్లు గలిగియుండును. అలుగుమీద కొన్నిట పరుగెత్తు తోడేలు గురుతు కనబడును. అది జర్మనీలోని పసావు, సోలింగెను నగరముల కమ్మరులది. కొన్నిట పండ్లవంటి గీతలుగల రెండు చంద్రవంకలుండును. అది ఇటలీలోని జెనోవాది. ఈ గురుతులకు విలువ పెరిగినకొలది మన కమ్మరులు తాము చేసిన అలుగులమీదను వానిని చెక్కిరి. కనుక గురుతునుబట్టి మాత్రమే నిర్ణయింపరాదు.

ఇందులో మనము మరువరాని విశేషమొకటి కలదు. ఐరోపా అలుగులు ఇటు వచ్చుచుండగా మన తెలంగాణపు ఉక్కు అటు పోవుచుండెను. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును కరగించి శ్రేష్ఠమైన ఉక్కు చేయుచుండిరి. దానిని కొనుటకు పారసీకదేశపు వర్తకులు అంతదూరమునుండి వచ్చెడివారు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిపాదమున వాయిసీ యను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఈ పనిని చూచి వివరముగా వ్రాసెను. ఉత్తమమైన ఉక్కు కలిగియు మనవారు పరదేశపు అలుగును కోరిరి. పరదేశీయులు మన ఉక్కును కోరిరి. కత్తి శత్రుత్వమునకు గుర్తని మనమెరుగుదుము. అది వర్తకమునకును, చేతిపనికిని, దేశములు పరస్పరము నేర్చుకొనుటకును సాక్షియని ఆయుధశాలలో తెలియును.

తల మొదలు పాదమువరకు ఇనుపరేకులతో మూయు ఐరోపా నిండుకవచములను వరుసలుగా చూడగోరువారు లండనులోని వాలెసు సంగ్రహమువంటి చోట్లకు పోవలెను. ఆ సంగ్రహమును స్వంతదారుని భార్య 1897లో మరణశాసనముద్వారా జాతికి వదలగా 1900లో అది ప్రజలకు తెరువబడెను. అట్టి కవచము బరువు 20 నుండి 25 కిలోగ్రాములు. అది భుజములపైనే పడక ఒడలంతట పరచుకొనియుండును గనుక ధరించినవాడు నడువగలడు, గుఱ్ఱమెక్కగలడు. ఎండ దేశమున మనవారు దానిని స్వీకరింపలేదు. కడియముల కవచమును, రొమ్మున వెన్నున ప్రక్కల కట్టుకొను నాలుగు పలకలను మేలనుకొనిరి. ఆ నాలుగు పలకలకు పారసీకమున నాలుగద్దములని యర్థము వచ్చు పేరు కలదు. ప్రతిదేశపు కవచమును ఆ దేశపు ఎండనుబట్టియు యుద్ధపద్ధతినిబట్టియు ఏర్పడునని ఇందువలన గ్రహింపవచ్చును.

మరల నవాబు చరిత్రమునకు వత్తము. 1948 సెప్టెంబరులో నిజాము స్వతంత్రాధికారము ముగిసెను. మరుసటి యేడు, 1949 మార్చి 2వ తేదీన, యూసుఫ్ అలీ ఖాను ఏబదితొమ్మిదేండ్ల ప్రాయమున మరణించెను. సంతానము లేదు. అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు రాజ్యమున జాగీర్లు రద్దయ్యెను. ఏ ఆదాయముతో ఆ వస్తువులు వచ్చినవో ఆ ఆదాయము, కొన్నవాడు పోయిన ఆరు మాసములలోనే పోయెను. వస్తువులు మాత్రము మిగిలినవి. ప్రభుత్వమువారు ఒక సంఘమును నియమించి, జేమ్సు కజిన్సు అను కళావిమర్శకుని సహాయమున వానిని వర్గీకరించి, దివాన్ దేవిడిలోనే ప్రదర్శనశాలగా అమర్చిరి. 1951 డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. వారసులు 1958లో ఒడంబడికకు వచ్చిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయయ్యెను. 1968లో ఇప్పటి భవనమునకు మారెను.

ఇచ్చట నేను విద్యార్థులతో దాపరికము లేక ఒక మాట చెప్పవలెను. ఈ నవాబు స్వయముగ శ్రమించి ధనమార్జించినవాడు కాడు. ఆ బాకులు, ఆ గడియారములు, ఆ విగ్రహములు జాగీరు గ్రామములలో కారెండలో దున్నిన రైతులు చెల్లించిన శిస్తులతో కొన్నవి. ఒక్క పచ్చరాతి పిడి వెలతో ఎన్ని బావులు త్రవ్వించియుండవచ్చునో యని నేను ఆ శాలలో నిలిచి తలంచితిని. ఆయన వస్తువులను ప్రేమించెననుట నిజము. ఆ ప్రేమకు వెల యెవరు చెల్లించిరో మరచుట న్యాయము కాదు. అయినను ఆ కాలమున అట్టి యాదాయముగలవారనేకులు దానిని వినోదములలో కరగించి ఏమియు మిగుల్చక పోయిరి. ఈయన కరగించినది మిగిలినది. ఆ రైతుల మనుమలును మునిమనుమలును నేడు ప్రవేశపుచీటి కొని ఆ తలుపు దాటి, ఒకప్పుడు వారి పెద్దలు వాకిటనైనను నిలువజాలని ఇంటి సొత్తును తమదిగా చూచుచున్నారు. ఆయన ఉద్దేశించినను లేకున్నను, ఆ బాకీలో కొంత అట్లు తీరినది. పూర్తిగా తీరినదని నేననను.

ఆ సొత్తు మనదైనప్పుడు దానిని చక్కగా చూచుటయు మన విధి. మా ప్రయాణమున నేను బాలురకొక పని యొసగితిని. ఒక్కొక్కడు ఒక్క ఆయుధమును మాత్రమే యెన్నుకొని, పావుగంట సేపు దాని యెదుట నిలిచి, పిడి యెట్లున్నది, అలుగెట్లున్నది, ఎక్కడ అరిగినది, ఎక్కడ అతికినది వ్రాసికొనవలెను. పిమ్మట అనుమతియున్నచోట ఛాయాచిత్రము తీయవచ్చును. మెరుపుదీపము వాడరాదు, అది అద్దమునకు తగిలి తిరిగి కొట్టి ఆయుధమును కనబడనీయదు. కెమేరాను అద్దమునకు దగ్గరగా, కొంచెము ఏటవాలుగా పట్టి, వెనుక నల్లని వస్త్రమును అడ్డు పెట్టుకొన్నచో ప్రతిబింబములు తగ్గును. మొదట ఆయుధమంతయు ఒక చిత్రమున రావలెను; పిదప కమ్మరి గురుతును, పిడి అతుకును వేరువేరుగా తీయవలెను. ప్రక్కనుండి పడు వెలుతురులో గాళ్లును చెక్కడములును స్పష్టముగ తెలియును. వివరపు చీటి చిత్రమును కూడ తీసికొననివాడు ఇంటికి వచ్చి ఏ కత్తి యేదియో యెరుగక చిక్కుపడును.

పాఠశాలకు తిరిగివచ్చి అందరి చిత్రములను చూచితిమి. ప్రశ్న యడిగిన బాలుడు తొందరపడి తీసినందున వాని చిత్రము చెడిపోయినది. అలుగు సరిగా రాలేదు. దానిమీద అద్దములో పడిన వాని ముఖమే వచ్చినది. తోడివారు నవ్విరి. వాడు సిగ్గుపడి దానిని చింపబోవగా నేను వలదంటిని. వంద యేండ్ల క్రిందట అట్టి కత్తిలో ముఖము చూచుకొనువాడు దానిని పట్టినవాడో, దానికి బలియైనవాడో అయియుండును. నేడొక పాఠశాల బాలుడు దానిలో తన ముఖము చూచుకొని సిగ్గుపడి నవ్వి ఇంటికి పోగలిగెను. నవాబు గెలిచిన యుద్ధమేదియని అడిగినవానికి నేనీయదలచిన సమాధానము అదియే. సేనానాయకుడను బిరుదముగలవాడు ఒక్క కత్తినైనను దూయలేదు. వేలకొలది వస్తువులతోపాటు కత్తులను గూడ సేకరించి, తెలిసియో తెలియకయో, వానిని చూచుటకు మాత్రమే పనికివచ్చునట్లు చేసిపోయెను.

ఆ మ్యూజియమున ఇంగ్లాండు దేశపు భాగములతో కలకత్తాలో కూర్చిన గడియారమొకటి కలదు. గంట గంటకు ఒక గడ్డపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టును. జనులందరును దానిని చూచుటకే కూర్చుందురు. దానిలో ఒక ప్రక్క చిన్న కమ్మరి బొమ్మయు కలదు. గంట కొట్టు బొమ్మ గంటకొకమారే పనిచేయును. కమ్మరి మాత్రము సుత్తె నెత్తి క్షణక్షణమును కొట్టుచునే యుండును. విద్యార్థులారా, మీరు పోయినప్పుడు కమ్మరిని గూడ చూడుడు. నవాబుల పేర్లు గోడలమీద నిలిచినవి. సోలింగెనులో అలుగు సాగగొట్టినవానికి, కోనసముద్రమున ఉక్కు కరగించినవానికి, జాగీరులో శిస్తు కట్టినవానికి పేరు లేదు. వారి పని మాత్రము అక్కడనే, ఆ అద్దముల వెనుక, మీ చూపుకొరకు నిలిచియున్నది.